త్సో కర్ దారిలో ట్యూబ్‌లెస్ పంక్చర్: నా అనుభవం

లద్దాఖ్‌లో మోరే మైదానం దాటి డెబ్రింగ్ దగ్గర త్సో కర్ సరస్సు వైపు తిరిగితే గులకరాళ్ళ దారి. అక్కడ మా కారు వెనక టైరులో గాలి దిగింది. టైరు పక్కగోడ చీలితే స్ట్రిప్ (రంధ్రంలో దూర్చే జిగురు రబ్బరు పట్టీ) నిలవదు, స్టెపినీయే గతి. నాది నేల తాకే భాగంలోనే, సన్న రాతిముక్క.

ముక్క పీకకముందే చోటు సుద్దతో గుర్తు పెట్టుకోండి, పీకాక రంధ్రం రబ్బరులో కలిసిపోయి కనబడదు. ఆకురాయి సూదిని (రంధ్రాన్ని గరుకు చేసే గరగర సూది) ముక్క దిగిన కోణంలోనే తిప్పుతూ ఐదారుసార్లు ఆడించాను. ఇక్కడ బద్ధకిస్తే స్ట్రిప్ పట్టదు. తర్వాత గుచ్చే సూది కన్నులో స్ట్రిప్ సగానికి ఎక్కించి, సొల్యూషన్ (రబ్బరు జిగురు) రాసి, బయట ఒక సెంటీమీటరు మిగిలేదాకా గుచ్చి, మెలితిప్పకుండా ఒక్క ఊపున లాగాను. మిగిలిన తోకలను మరీ నున్నగా కోయకూడదు. సబ్బునీళ్ళు పోస్తే ఇంకా సన్నటి బుడగలు. రెండో స్ట్రిప్ పక్కనే దూర్చాక ఆగాయి.

గాలి పట్టడమే అసలు పరీక్ష. 4,700 మీటర్ల ఎత్తున గాలి పలుచన, చిన్న కంప్రెసర్‌కు ఊళ్ళో పట్టే సమయం చాలదు. ఇంజన్ నడుస్తుండగా పెట్టి, ఎనిమిది నిమిషాలకోసారి ఆపి చల్లారనివ్వాలి, లేకుంటే మోటారు కాలిపోతుంది. ఇంకొకటి: కింద పల్లపు ఊళ్ళలో 32 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) నింపిన మిగతా టైర్లు ఆ ఎత్తున మీటరులో ఆరు దాకా ఎక్కువ చూపిస్తాయి, బయటి ఒత్తిడి తగ్గడంవల్ల. పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొలిచి కొంచెం వదలండి. ఇరవై కిలోమీటర్లు మెల్లగా నడిపి మళ్ళీ కొలిచాను, తగ్గలేదు.