జెట్టీ మీద సాయంత్రం గాలం: చీకటి పడకముందే చూసుకోవాల్సినవి

జెట్టీ మీద దెబ్బలు తగిలేది చేప కోసం ఎదురుచూస్తున్నప్పుడు కాదు. గాలం విసిరేటప్పుడు, పడ్డ చేపను పైకి తీసేటప్పుడు, చివర్లో సామాను సర్దేటప్పుడు. ఈ మూడూ చీకట్లోనే జరిగే పనులు. వాటికి కావాల్సిన ఏర్పాట్లు వెలుతురుండగానే చేసుకోవాలి కాబట్టి పొద్దుగూకడానికి గంట ముందే చేరుకోండి.

చేరగానే గాలపు కర్రలు విప్పకండి. పావుగంట సేపు నీళ్లనే చూడండి. అలలు జట్లుగా వస్తాయి. పది నిమిషాలు మెత్తగా కనిపించిన సముద్రం మీద ఉన్నట్టుండి నాలుగు పెద్ద అలలు వరసగా వచ్చి కొట్టి పోతాయి. ఎక్కడో దూరాన రేగిన తుఫాను పంపిన అలలవి, ఇక్కడ ఆకు కదలకపోయినా వస్తాయి. అల ఎంత ఎత్తుకు ఎక్కుతుందో జెట్టీయే చెబుతుంది: తడిసిన కాంక్రీటు, పచ్చటి నాచు, చిన్న చిన్న నీటి గుంటలు ఉన్నంత మేరా నీళ్లు వస్తున్నట్టే. వాటికి ఇవతలే స్థలం చూసుకోండి. నాచు మీద ఎంత ఖరీదైన బూటైనా జారుతుంది.

పోటు వేళ చూసుకునే బయల్దేరండి. చాలా తీరాల్లో ఆటుకీ పోటుకీ మధ్య ఆరు గంటల పైచిలుకు ఉంటుంది. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి కిందటి వారం వేళ ఈ వారం పనికిరాదు. అమావాస్య, పౌర్ణమి వెళ్లిన ఒకటి రెండు రోజులు నీళ్లు మరీ పైకి వస్తాయి. సాయంత్రం పొడికాళ్లతో దాటిన రాళ్ల దారి తిరిగొచ్చేసరికి మోకాళ్ల లోతు ఉండొచ్చు.

మనిషికొక తలదీపం, గుంపుకొక అదనపు దీపం, మార్చడానికి బ్యాటరీలు. ఫోన్ దీపం లెక్కలోకి రాదు, దాన్ని పట్టుకుంటే ఒక చెయ్యి పోయినట్టే. దీపాన్ని నీళ్ల మీదికి అదేపనిగా తిప్పకండి. సూదిలాంటి పొడుగు ముక్కున్న చేపలు వెలుగు వైపు ఎగిరి దూకుతాయి, ముఖానికో మెడకో గుచ్చుకుంటాయి.

నీళ్లలో పడ్డ మనిషి కోసం ఇంకొకరు దూకకూడదు. ఇది ముందే అందరూ అనుకోవాల్సిన మాట. నిచ్చెనలు ఎక్కడున్నాయో, గుండ్రటి రక్షణ ట్యూబు ఎక్కడ వేలాడుతోందో పగలే నడిచి చూడండి. ట్యూబు లేకపోతే మూత గట్టిగా ఉన్న 5 లీటర్ల ఖాళీ క్యాను, 20 మీటర్ల తాడు తెచ్చుకోండి. క్యానులో గ్లాసెడు నీళ్లు వదలాలి, లేకపోతే గాలికి ఎటో పోతుంది. పడ్డవాళ్లు ఈదాలని కొట్టుకోకుండా వెల్లకిలా తేలుతూ ఊపిరి కుదుటపడేదాకా ఆగాలి. లైఫ్ జాకెట్ వేసుకుంటే ఈ పని సగం తేలిక. గ్యాస్ సిలిండరుతో దానంతటదే ఉబ్బే రకమైతే సిలిండరు గట్టిగా బిగించి ఉందో లేదో ఇంటి దగ్గరే చూడండి.

ఇక విసరడం. 112 గ్రాముల సీసపు గుండు కట్టి బలంగా విసిరినప్పుడు తంగూసు తెగితే ఆ గుండు ఎవరి తలకు తగిలినా ప్రాణాంతకమే. అందుకే ముందు భాగంలో షాక్ లీడర్, అంటే విసురు తాకిడికి తెగని మందపాటి తంగూసు ముక్క, కడతారు. లెక్క సులువు: ప్రతి 28 గ్రాముల బరువుకు నాలుగున్నర కిలోల బలం. అంటే 112 గ్రాములకు 18 కిలోలది. పొడవు కర్రకు రెండింతలు, దానిపైన రీలు మీద నాలుగైదు చుట్లు. 3.6 మీటర్ల కర్రకు 8, 9 మీటర్లు పడుతుంది. ముడిని ప్రతి పది పదిహేను విసుర్లకొకసారి వేలితో తడిమి చూడండి, గరుకు తగిలితే కోసి మళ్లీ కట్టండి. కర్రకూ కర్రకూ మధ్య నాలుగు మీటర్లైనా వదలండి. ఒకసారికి ఒకరే, అదీ "విసురుతున్నా" అని అరిచి, వెనక్కి చూశాకే. తలపైన కరెంటు తీగలున్న చోట అసలు వద్దు: కార్బన్ కర్రలో విద్యుత్తు ప్రవహిస్తుంది. ఉరుము వినబడితే కూడా కర్ర కింద పెట్టి గట్టు చేరండి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా తిరిగి రావద్దు.

గాలం రాతిలో ఇరుక్కుంటే తంగూసును చేతికి చుట్టుకోవద్దు. చర్మం, కొన్నిసార్లు వేలే తెగుతుంది. కర్రముక్కకు చుట్టి, ముఖం పక్కకు తిప్పి, వెనక్కి నడవండి.

చేప పడ్డాక ఆత్రంలో మెట్లు దిగి నీటి అంచుకు పోయేవాళ్లే ఎక్కువగా అలకు చిక్కుతారు. తాడు కట్టిన రింగు వలను ముందే దించడానికి సిద్ధంగా పెట్టుకోండి. ఒకరు వలను నీళ్లలో ముంచి నిలకడగా పట్టుకోవాలి, రెండోవారు చేపను అలిసేదాకా లాగి దాని మీదికి తేవాలి, అప్పుడు తాడును నిట్టనిలువుగా లాగాలి. వలను చేప వెంట పరిగెత్తిస్తే గాలానికే తగులుకుంటుంది. కర్రతోనే ఎత్తబోతే కొస విరుగుతుంది.

పైకొచ్చిన చేపను దీపం వేసి చూడకుండా ముట్టుకోవద్దు. జెల్లకు వీపు మీద ఒకటి, రెండు పక్క రెక్కలకూ ఒక్కొక్కటి చొప్పున విషపు ముళ్లుంటాయి. టేకు చేపకు (స్టింగ్ రే) తోకలో ఉంటుంది. పొడవు పట్టుకారుతో కొక్కెం తియ్యండి, లేదా తంగూసు కోసి వదిలెయ్యండి. గుచ్చుకుంటే ఆ భాగాన్ని చర్మం ఓర్చుకోగలిగిన వేడినీళ్లలో, సుమారు 45 డిగ్రీలు, 30 నుంచి 90 నిమిషాలు ఉంచాలి. వేడిని దెబ్బ తగలని చేత్తో పరీక్షించండి, దెబ్బ తగిలిన చేతికి మంట తెలియక కాలిపోతుంది. అందుకే ఒక ఫ్లాస్కు నిండా వేడినీళ్లు తేవడం వృథా కాదు. దెబ్బ ఛాతీకో పొట్టకో తగిలితే ముల్లు పీకకుండా ఆసుపత్రికే. ముట్టగానే బంతిలా ఉబ్బే చేపను నీళ్లలోకే వదలండి, దాని విషం వండినా పోదు.

కొక్కెం చర్మంలో దిగి, దాని కొస దగ్గరుండే ఎదురు ముల్లు లోపలే ఉంటే వెనక్కి గుంజకండి. కంటి దగ్గరైతే తాకకుండా కాగితం కప్పు బోర్లించి అంటించి ఆసుపత్రికి వెళ్లండి. కొక్కెపు ముల్లును పట్టుకారుతో ముందే నొక్కేస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది, చేపలు కూడా పెద్దగా తప్పించుకోవు.

మందు తాగడం తిరిగి వచ్చాకే. సర్దేటప్పుడు కొక్కేలు, గుండ్లు తీసి డబ్బాలో వేశాకే కర్ర భుజాన పెట్టండి. వేలాడే గుండు పక్కవాడి కంటి ఎత్తులో ఊగుతుంటుంది.