శనగ చేలో రోటవేటర్ దించే ముందు

రోటవేటర్ అంటే ట్రాక్టర్ వెనక తిరిగే బ్లేడ్లతో మట్టిని గుల్లచేసే పరికరం. దాన్ని దించే ముందు నేల పదును, అంటే మట్టిలో తడి ఎంతుందో చూడండి. ఒంగోలు వైపు నల్లరేగడిలో అన్నిటికన్నా ఇదే ముఖ్యం. నాలుగంగుళాల లోతు మట్టి తీసి పిడికిట్లో నొక్కండి. వేళ్లకు అంటుకుంటే ఆగండి. తడి నేలలో తిప్పితే అడుగున గట్టి పొర కడుతుంది, వేరు దిగదు. నొక్కిన ముద్దను వేలితో తట్టితే పొడిగా రాలాలి.

☐ ట్రాక్టర్‌ను చదునైన చోట నిలిపి, రోటవేటర్ రెండు పక్కలా ఒకే ఎత్తులో ఉందో లేదో చూడండి. తేడా ఉంటే లిఫ్ట్ రాడ్ (రోటవేటర్‌ను పక్కనుంచి ఎత్తి పట్టే కడ్డీ) తిప్పి సరిచేయండి. ముందు వెనకల ఎత్తులో తేడా ఉంటే టాప్ లింక్ (పైన మధ్యలో ఉండే కడ్డీ) తిప్పి సరిచేయండి. తొందరపడితే చేనంతా మెట్లు పడతాయి.

☐ బ్లేడ్ల బోల్టులు, గేర్‌బాక్స్ ఆయిల్ చూడండి.

☐ ఇంజిన్ ఆపి, తాళం జేబులో వేసుకున్నాకే బ్లేడ్ల దగ్గరికి వెళ్లండి.

☐ పీటీవో షాఫ్ట్‌కు (ట్రాక్టర్ నుంచి రోటవేటర్‌కు శక్తినిచ్చే తిరిగే కడ్డీకి) కవర్ లేకపోతే ఆ రోజు పని వద్దు. నిమిషానికి 540 చుట్లు తిరిగేది పంచె కొసను పట్టుకుంటే మనిషినే లాగేస్తుంది.

☐ పిల్లల్ని మడ్‌గార్డు మీద కూర్చోబెట్టకండి, ఎంత మారాం చేసినా సరే.