హన్మకొండ పబ్లిక్ గార్డెన్‌లో ముసలి చెట్లను ఏడాది పొడవునా ఎలా గమనించాలి?

ముందుగా ఒక్క చెట్టును ఎంచుకోండి. తోటంతా చూద్దామని బయలుదేరితే ఇంటికొచ్చేసరికి ఏదీ గుర్తుండదు. పాత వేప అయితే మరీ మంచిది. నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున కాండం చుట్టూ దర్జీ టేపు పట్టి కొలత రాసుకోండి. టేపు చాలకపోతే పురికొస చుట్టి, దాన్ని కొలవండి. గుర్తు కోసం మేకు మాత్రం కొట్టకండి, ఫోనులో ఒక ఫొటో చాలు.

మొదటి నడకకు ఫాల్గుణ మాసాన్ని మించిన సమయం లేదు. ఆకు రాలిన వేప కింద నిలబడి తలెత్తితే కొమ్మల అమరికంతా కనిపిస్తుంది. రెండు మూడు వారాలకు మళ్లీ వెళ్లండి. రాగి రంగు చిగురు మెరుస్తూ ఉంటుంది, ఉగాది నాటికి తెల్లటి పూత నేల మీద రాలుతుంది. చుట్టూ అన్నీ చిగురించినా ఒక పెద్ద కొమ్మ మోడుగానే ఉందంటే అది ఎండిపోయి ఉండవచ్చు. దాని కింద కూర్చోకండి.

తొర్ర కనబడగానే చెట్టు పని అయిపోయిందనుకోవద్దు. నీరు, ఆహారం ప్రయాణించేది బెరడుకు దగ్గరి పొరల్లోనే. లోపలి చేవ పుచ్చిపోయినా చెట్టు ఏళ్ల తరబడి బతుకుతుంది, చిలుకలకూ గుడ్లగూబలకూ ఇల్లవుతుంది. అలాంటి చెట్టును కొట్టేద్దామని ఎవరైనా అంటే నాకు ప్రాణం విలవిలలాడుతుంది. నిజంగా భయపడాల్సిన గుర్తులు వేరు: కాండం మొదలు దగ్గర బెరడును అంటిపెట్టుకుని పెరిగే గట్టి పుట్టగొడుగులు, ఒక పక్క నేల పగిలి పైకి లేవడం, కొత్తగా వచ్చిన వాలు. ఇవి కనిపిస్తే ఫొటో తీసి తోట సిబ్బందికి చూపండి.

ఎండాకాలంలో తెల్లవారగానే వెళ్లండి, రేల చెట్టు ఉంటే పసుపు గుత్తుల కింద కాసేపు ఆగండి. వానాకాలంలో గాలి వీస్తుంటే వెళ్లవద్దు. 2023 జూలై లాంటి కుండపోత వానలకు నేల నాని వేళ్ల పట్టు సడలుతుంది.

దసరాకు జమ్మి ఆకు కావాలంటే నాలుగు ఆకులు కోసుకోండి, కొమ్మ విరవకండి. కార్తీకంలో సాయంత్రం వెళితే ఏడాకుల పొన్న ఎక్కడుందో వాసనే చెబుతుంది.

మళ్లీ ఫాల్గుణంలోనే, అదే ఎత్తున టేపు చుట్టండి. వానల్లో బెరడు నీరు పీల్చి ఉబ్బుతుంది కాబట్టి, వేరే నెలలో తీసిన కొలతతో పోల్చితే లెక్క తప్పుతుంది.