బొమ్మకి కట్టిన చీరని ఇంట్లో ఫోన్‌తో ఫొటో తీయడం ఎలా?

ఇంట్లోంచి చీరలు అమ్మేవాళ్ళ ఫొటోలు రోజూ చూస్తుంటా. చీర బాగుంటుంది, బొమ్మకి కట్టడమూ బాగుంటుంది, కానీ ఫొటోలో రంగు ఆ చీరది కాదు. చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

కావల్సినవి: నిలువెత్తు ఫైబర్ బొమ్మ, ఫోన్, ట్రైపాడ్, ఒక థర్మోకోల్ షీటు, వెలుతురొచ్చే కిటికీ. రింగ్ లైట్ మాత్రం కొనకండి, నున్నటి బొమ్మ మొహం మీద దాని తెల్లటి చుట్ట మెరుస్తూ కనిపిస్తుంది.

బొమ్మ నడుము నున్నగా ఉండి లంగా జారిపోతుంది కాబట్టి ముందు కాటన్ తువ్వాలు చుట్టి దానిమీద నాడా బిగించండి. చేతులు ఊడే బొమ్మైతే జాకెట్టు తొడిగాకే చేతులు బిగించాలి. కుచ్చిళ్ళకి లోపలివైపు పిన్నీసు పెట్టేస్తే సరి.

బొమ్మని గోడకి ఆనించకుండా 3, 4 అడుగులు ముందుకి జరిపి, కిటికీ ఒక పక్కన ఉండేలా నిలబెట్టండి. రెండో పక్కన థర్మోకోల్ పెట్టండి, కిటికీ వెలుతురు దానికి తగిలి చీర నీడవైపు పడుతుంది. ఎండ నేరుగా పడుతుంటే కిటికీకి తెల్ల పంచె కట్టండి. డాబా మీద ఎండలో తీస్తే బాగా వస్తుందంటారు గానీ నేను ఒప్పుకోను, జరీ అంతా తెల్లగా పేలిపోతుంది. ఫోన్ బొమ్మ నడుము ఎత్తులో ఉండాలి, దగ్గరికెళ్ళకుండా వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్ పెట్టుకోండి.

ఇక రంగు. అందరూ చెడగొట్టేది ఇక్కడే, నిదానంగా చదవండి.

ముందుగా గదిలో లైట్లన్నీ ఆపేయండి, ఫ్యాన్ కూడా, పైట ఊగుతుంది. ట్యూబ్‌లైట్ వెలుగు రంగు వేరు, కిటికీ వెలుగు రంగు వేరు, రెండూ కలిసి పడితే ఫోన్ ఏదో ఒకదాన్ని సరిచేయబోయి రెండోదాన్ని పాడుచేస్తుంది, అప్పుడు ఒకే చీర ఒక పక్క నీలంగా ఇంకో పక్క పసుప్పచ్చగా వస్తుంది. దాన్ని తర్వాత యాప్‌లో సరిగ్గా దిద్దడం చాలా కష్టం.

తర్వాత, ఫోన్‌కి చీర ఏదో బొమ్మ ఏదో తెలీదు. తెల్ల బొమ్మ, తెల్ల గోడ ఎక్కువగా కనిపిస్తే ఫొటోలో వెలుతురు మొత్తం తగ్గించి చీరని నల్లబరుస్తుంది, వెనక ముదురు కర్టెన్ ఉంటే పెంచేసి జరీని తెల్లచేస్తుంది. అందుకే ఫోన్ స్క్రీన్‌లో చీర ఒంటి మీద వేలు పెట్టి లాక్ అయ్యేదాకా నొక్కి ఉంచండి, పక్కనొచ్చే సూర్యుడి గుర్తుని మెల్లగా కిందికి లాగండి. ఎంతదాకా అంటే, ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే అంచులో జరీ గీతలు విడివిడిగా కనిపించేదాకా. ఎరుపు, రాణీ రంగులకైతే ఇంకాస్త తగ్గించాలి, లేకపోతే నేత కనపడకుండా రంగంతా ముద్దైపోతుంది.

నెమలికంఠం లాంటి డబుల్ షేడ్ చీరలతో మరీ జాగ్రత్త. పడుగు (నిలువు పోగులు) ఒక రంగు, పేక (అడ్డ పోగులు) ఇంకో రంగు కాబట్టి చూసే వైపుని బట్టి మారిపోతుంది. పోయిన శ్రావణంలో ఒకావిడకి నెమలికంఠం గద్వాల చీర ఒకే ఒక్క ఫొటో పంపా, అందులో నీలమే కనిపించింది. వ్రతం ముందురోజు పార్సిల్ విప్పి "అక్కా, ఇది ఆకుపచ్చ కదా, నీలమని తీసుకున్నానే" అంది, గొంతు వణుకుతోంది. తప్పు నాదే, చీరది కాదు. అప్పట్నుంచి ఫోన్ కదపకుండా బొమ్మనే కొద్దికొద్దిగా తిప్పి 3 ఫొటోలు తీస్తా, కుచ్చిళ్ళ మడత దగ్గర రెండు రంగులూ కనిపించేలా ఇంకోటి తీస్తా.

తీసిన వెంటనే ఫోన్‌ని కిటికీ దగ్గర చీర పక్కన పెట్టి పోల్చండి, స్క్రీన్‌ని పసుప్పచ్చగా చేసే కంటి సెట్టింగ్ ఆపేసి మరీ. తేడా ఉంటే మళ్ళీ తీయండి, ఫిల్టర్ వేయకండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నలిగి జరీ పోగులు కలిసిపోతాయి, డాక్యుమెంట్‌గా పంపండి.