డిష్ తిప్పకముందే కనెక్టరు చూడండి

చెన్నై తిరువాన్మియూరులో మా మేడమీద దూరదర్శన్ వారి ఉచిత డీటీహెచ్, డీడీ ఫ్రీ డిష్ ఉంది. అమ్మకి సప్తగిరి ఛానల్ రాకపోతే తోచదు. ఈమధ్య బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోతోంది. సిగ్నల్ పేజీలో స్ట్రెంత్ బాగానే ఉంది, క్వాలిటీయే ఊగిసలాడుతోంది. ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు సిగ్నల్ అందుకునే భాగం) పోయిందన్నారు పక్కింటాయన. ఎవరి డిష్‌కైనా ఆయన చెప్పేది అదే!

ముందు బాక్సు ఆపాను, ఎల్‌ఎన్‌బీకి 13, 18 వోల్టుల కరెంటు ఆ కేబుల్‌లోనే వెళ్తుంది కదా. కనెక్టరు విప్పితే ఉప్పుగాలికి లోపలంతా పచ్చటి చిలుము, కేబుల్ మధ్య తీగ చుట్టూ ఉండే లోహపు జాలీ నల్లబడింది. అంతమేర కత్తిరించి కొత్త ఎఫ్ కనెక్టరు (డిష్ కేబుల్ కొసకి వాడే మరరకం) బిగించాను. మధ్య తీగకి జాలీ పోగు ఒక్కటి తగిలినా షార్టే. పైన రబ్బరు టేపు చుట్టి, వాననీరు లోపలికి జారకుండా కేబుల్‌ని కిందికి వంపు తిప్పి కట్టాను.

ఫ్రీ డిష్ సిగ్నల్ వచ్చే ఉపగ్రహం జీశాట్-15 ఉన్నది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద. చెన్నైకి ఆగ్నేయం, బాగా పైకి. అమ్మ కిందనుంచి క్వాలిటీ అంకెలు అరుస్తుంటే డిష్‌ని వెంట్రుకవాసి చొప్పున జరిపి నట్లు బిగించాను. కుండపోత వానలో మాత్రం బొమ్మ కాసేపు పోతుంది, ఫ్రీ డిష్ వాడే కేయూ బ్యాండ్ తరంగాలతో అది తప్పదు.