వాము, శొంఠి, కరక్కాయ: విడివిడిగా వాడి చూడండి
ఒడిశాలోని రాయగడ, పర్లాకిమిడి వైపు మన తెలుగు ఇళ్లలో కడుపు ఉబ్బరానికి వాము, శొంఠి, కరక్కాయ కలిపి దంచుకుంటారు గానీ, అలా కలిపితే ఏది పనిచేసిందో, ఏది పడలేదో తేల్చుకోవడం కుదరదు. తిండి మార్చకుండా ఒక్కో దినుసునే కొద్ది మోతాదులో 3 రోజులు వాడి, ఉబ్బరం ఎప్పుడు తగ్గిందో క్యాలెండర్ గడిలో రాసుకుని (ఇక్కడే చాలామందికి బద్ధకం), ఆపైన 2 రోజులు పూర్తిగా మానేసి చూడాలి. మామూలు అజీర్తి చాలాసార్లు ఏ మందూ లేకుండానే తగ్గిపోతుంది గనుక, తగ్గింది దినుసు వల్లనా, దానంతటదేనా అన్నది ఆ విరామంలోనే కొంత తెలుస్తుంది. అరచేతిలో నలిపినప్పుడు థైమాల్ (వాముకు ఆ వాసననిచ్చే పదార్థం) ఘాటు ముక్కుకు తగలని వాము పాతబడినదే. కరక్కాయ విరేచనకారి కాబట్టి, విరేచనాలవుతున్నప్పుడు దాన్ని ముట్టుకోకూడదు. రక్తం పలచబరిచే మాత్రలు వేసుకునేవారు శొంఠి వాడే ముందు వైద్యుణ్ణి అడగాలి. మలం నల్లగా వచ్చినా, రక్తం కనిపించినా, వాంతులు ఆగకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.