కంచు కవచం, 3వ పాఠం: వాష్ మరకలు, పచ్చరంగు పిచ్చి

ఈ పాఠం హైలైట్ల (ఉబ్బెత్తు చోట్ల వేసే లేత రంగు) గురించి అనుకున్నాం. కానీ పోయినసారి వాష్ (గీతల్లోకి దిగే పల్చటి ముదురు రంగు) వేశాక మీరు పంపిన ఫొటోలు చూస్తే ముందు వాటి సంగతే తేల్చాలనిపించింది. పది మందిలో ఏడెనిమిది మంది హాప్లైట్లకు (పాతకాలపు గ్రీకు సైనికుల బొమ్మలకు) ఒకటే జబ్బు: ఛాతీ కవచం మధ్యలో, హెల్మెట్ నెత్తిమీద నల్లటి అంచుతో గుండ్రటి మరక. మెరుపు పోయింది, కంచు కాస్తా చాక్లెట్ అయింది.

వాష్ ఎండటం అంచుల దగ్గర మొదలవుతుంది. ఎండుతున్న అంచు వైపుకి తడి పాకుతూ రంగునీ మోసుకెళ్తుంది, అందుకే గీత పడుతుంది. సగం ఎండాక "ఇక్కడ ఎక్కువైందే" అని బ్రష్‌తో కెలికితే పైపొర చిరిగి రెండో గీత. మన ఊళ్లలో ఇంకో తంటా, ఫ్యాను. నెత్తిమీద ఫ్యాను ఫుల్లుగా తిరుగుతుంటే వాష్ సర్దుకునేలోపే ఆరిపోతుంది. వాష్ వేసే కాసేపు ఫ్యాను కట్టేయండి. చెమట పడితే పట్టనివ్వండి.

ఇంతకీ వాష్ మొత్తం పులమక్కర్లేదు. కండలు తేలిన ఛాతీ కవచం తీసుకోండి. బ్రష్ మొనతో పొట్ట కండల మధ్య గీతల్లో, భుజం పట్టీ కింద, నడుం అంచు వంపులో మాత్రం పెట్టండి. వెంటనే తడి అద్దిన రెండో బ్రష్‌తో పక్కలకి పాకినదాన్ని పీల్చేయండి. వాష్ రంగుల్లో నేను ఆగ్రాక్స్ ఎర్త్‌షేడ్ కంటే రైక్‌లాండ్ ఫ్లెష్‌షేడే వాడతాను. అది ఎర్రగా దిగుతుంది, కంచుకి వేడి వస్తుంది. ఆగ్రాక్స్ నాకు బురదలా కనిపిస్తుంది, ఇనుముకి మాత్రం బాగుంటుంది.

ఇప్పటికే మరకలు పడ్డ బొమ్మల్ని కడగొద్దు, గీకొద్దు. పూర్తిగా ఆరనిచ్చి, బేస్‌కి (మొదటి పూతకి) వాడిన బాల్తజార్ గోల్డ్ రంగునే ఉబ్బెత్తు భాగాల మీద మళ్లీ వేయండి, గీతల్లోకి పోనీయకుండా. మరక మీద ఒక్క పూత చాలకపోతే రెండోది. అంతే.

పూత పల్చన చేయడానికి నీళ్లు పోయకండి. ఈ రంగుల్లో మెరుపుకి కారణం సన్నటి పొలుసులు. అవి ఒకదానిపక్కన ఒకటి చదునుగా పడితేనే లోహంలా కనిపిస్తుంది. నీళ్లెక్కువైతే చెల్లాచెదురై, ఆరాక పంచదార చల్లినట్టుంటుంది. రంగు పల్చన చేసే లామియన్ మీడియం కొంచెం చాలు. వెట్ ప్యాలెట్ (రంగు ఆరకుండా తడిగా ఉంచే పలక) మీద లోహపు రంగులు పెట్టొద్దు, మామూలు ప్లాస్టిక్ మూత మీద కలపండి. కడిగే గ్లాసు కూడా వేరే ఉండాలి. అదే నీళ్లలో కడిగిన బ్రష్‌తో ఎర్ర దుప్పటి వేస్తే దుప్పటి తళుక్కుమంటుంది.

ఇక నా కోపం. సగం ఫొటోల్లో హాప్లైట్ ఒంటినిండా నిహిలాఖ్ ఆక్సైడ్, అంటే చిలుము పట్టినట్టు కనిపించే ఆకుపచ్చ రంగు. హెల్మెట్ పచ్చ, పిక్క కవచం పచ్చ, డాలు మొత్తం పచ్చ. ఎందుకండీ అంటే "మ్యూజియంలో అలాగే ఉంది కదా" అన్నారొకరు. ఉంది. గ్రీసులోని ఒలింపియా మ్యూజియంలో మిల్టియాడెస్ పేరు చెక్కిన హెల్మెట్ పచ్చగానే ఉంటుంది. మారథాన్ యుద్ధంలో, క్రీ.పూ. 490లో, ఎథెన్స్ సేనని నడిపినవాడు జ్యూస్ దేవుడికి సమర్పించిన హెల్మెట్ అది. ఆ తర్వాత రెండువేల ఏళ్లకు పైగా మట్టిలో ఉంది. ఎథెన్స్ అగోరాలో (పాత సంతచోటులో) బావిలాంటి గుంటలో దొరికిన స్పార్టా డాలు కూడా అంతే. పైలోస్ దగ్గర స్పార్టన్ల నుంచి ఎథెన్స్ వాళ్లు గెలుచుకున్నట్టు దానిమీదే చెక్కి ఉంది, ఆ యుద్ధం క్రీ.పూ. 425 నాటిది. భూమిలోని తడి, ఉప్పు కంచులోని రాగిని తినేసి ఆ రంగు తెచ్చాయి. ఆ రోజు యుద్ధంలో నిలబడ్డవాడి ఒంటిమీద లోహం అలా ఉండదు.

తొమ్మిది పాళ్లు రాగికి ఒక పాలు తగరం కలిపిన కంచు, రుద్ది ఉంచినంతకాలం బంగారు ఛాయలోనే ఉంటుంది. మన ఇళ్లలో చింతపండుతో తోమిన ఇత్తడి చెంబుని గుర్తు తెచ్చుకోండి. పచ్చ కనిపిస్తే ఎక్కడ కనిపిస్తుంది? మెడ మడతలో, అతుకు దగ్గర, చెయ్యి వెళ్లని చోట. బొట్టుగా, గీతగా. బొమ్మ మీద కూడా మేకుల చుట్టూ, హెల్మెట్ తురాయి అతికిన సందులో, అదీ బాగా పల్చన చేసి ఒక చుక్క. ఒంటినిండా కావాలంటే సమాధిలోంచి లేచిన అస్థిపంజర సైన్యానికి వేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. బొమ్మ నిలబడే దిమ్మ మీద విరిగిపడ్డ విగ్రహానికి వేసుకోండి, ఇంకా బాగుంటుంది. స్పార్టన్‌కి మాత్రం వద్దు.

హైలైట్లు, మిగిలిన చోటులో. సికోరాక్స్ బ్రాంజ్ రంగుని పైకి చూసే భాగాలకే వేయండి: హెల్మెట్ నెత్తి, ఛాతీ పై అంచు, పిక్క కవచం మోకాలి బొడిపె. చివరగా దాంట్లో స్టార్మ్‌హోస్ట్ సిల్వర్ కొంచెం కలిపి ముక్కు రక్షణ అంచుకి, కంటి చుట్టూ ఉన్న గట్టుకి సన్నటి గీత. డ్రైబ్రష్ (దాదాపు ఆరిన బ్రష్‌తో రుద్దడం) వద్దు. గొలుసు కవచానికి బాగుంటుంది, నున్నటి కంచు మీద గీతలు పడతాయి.

వార్నిష్: మ్యాట్ (మెరుపు లేనిది) కొడితే ఇంత శ్రమా మూగబోతుంది. దుప్పటికీ ఒంటికీ మ్యాట్ వేసి, ఆరాక, కంచు మీద మాత్రం గ్లాస్ (మెరిసే) వార్నిష్ బ్రష్‌తో వేయండి.

అభ్యాసం: మూడు ప్లాస్టిక్ చెంచాల వీపుల మీద గోధుమరంగు ప్రైమర్ (రంగు పట్టుకునేలా ముందు వేసే పూత) వేసి, ఒకే బేస్ పూత పెట్టండి. మొదటిదాని మీద వాష్ మొత్తం పూసి వదిలేయండి. రెండోదాని మీద కూడా పూసి, మధ్యలో ఉన్నదంతా పీల్చేయండి. మూడోదాని మీద అంచు వెంబడి వెంట్రుకంత గీత మాత్రం. మూడూ ఆరాక సగానికి మ్యాట్, సగానికి గ్లాస్. తర్వాత ఒక హాప్లైట్ రెండు పిక్క కవచాలూ వేరు వేరు రోజుల్లో వేసి, రెండూ ఒకేలా వచ్చేవరకు సరిచేయండి. చేతికి డాలు అతికించకుండా ఉంచండి, వచ్చే పాఠం దాని మీదే.